వాన కిరీటం కింద: తెలుగువారికి జపనీస్ వాతావరణ పదాలు, వాటి రాత

జపనీస్‌లో వాతావరణాన్ని ‘తెంకి’ అంటారు. రేపు ఎండో వానో చెప్పే వాతావరణ సూచన ‘తెంకి యొహో’. యొహో అన్న మాటలో మొదటి ఒకారం హ్రస్వం, రెండోది దీర్ఘం. తెలుగు లిపిలో ఆ తేడా రాసిన వెంటనే కనబడుతుంది. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే, పైన ప్రత్యేకంగా గీత గీయకపోతే, కనబడదు. జపనీస్‌లో ఈ హ్రస్వదీర్ఘాలతో అర్థమే మారిపోతుంది. ‘యుకి’ అంటే ఆకాశం నుంచి కురిసే మంచు, ‘యూకి’ అంటే ధైర్యం. ఏడాదిలో వచ్చిన మొదటి తుఫానును ‘తైఫూ ఇచిగో’ అంటారు, అంటే ఒకటో నంబరు తుఫాను. చివరి ఓకారాన్ని కుదించి ‘ఇచిగొ’ అంటే అది స్ట్రాబెర్రీ పండు. కాబట్టి తెలుగు వచ్చినవారు జపనీస్‌లో తొలి అడుగులు ఇంగ్లీషు అక్షరాల మీదుగా కాకుండా తెలుగు అక్షరాల మీదుగా వేయడం మేలు. ఆ ప్రయాణానికి వాతావరణ పదాలంత మంచి మొదలు మరొకటి లేదు. అవి రోజూ వినబడతాయి, రోజూ రాతలో కనబడతాయి, నేర్చుకున్నది సరైనదో కాదో కిటికీలోంచి చూసి సరిచూసుకోవచ్చు.

ఈ నేర్పు అవసరమయ్యే తెలుగువారు ఇప్పుడు పెరుగుతున్నారు. శ్రీసిటీలో ఇసుజు వాహనాల కర్మాగారం 2016లో మొదలైంది. ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణ నిర్మాణంలో జపాన్ సహకారం ఉంది. నైపుణ్యం ఉన్న విదేశీ కార్మికుల కోసం జపాన్ 2019 ఏప్రిల్‌లో కొత్త వీసా తెచ్చింది. 2021 జనవరిలో భారత్‌తో ఒప్పందం కుదిరింది. వృద్ధుల సంరక్షణ పనికి ఈ వీసా మీద వెళ్ళే నర్సింగ్ చదివిన పిల్లలకు జపనీస్ పరీక్ష తప్పనిసరి. జేఎల్‌పీటీ పరీక్షలో అన్నిటికంటే కింది మెట్టయిన ఎన్5 స్థాయిలోనే వాన, మంచు, గాలి, వేడి, చలి అన్న పదాలు వచ్చేస్తాయి.

ముందుగా పలుకుబడి. జపనీస్ అచ్చులు ఐదు: అ, ఇ, ఉ, ఎ, ఒ. ప్రతిదానికీ దీర్ఘం ఉంది. హిందీలో ఎ, ఒలకు హ్రస్వదీర్ఘ భేదం లేదు, తెలుగులో ఉంది. అందువల్ల వాన అన్న అర్థంలో ‘అమె’, పెద్దవాన అన్న అర్థంలో ‘ఓఅమె’ తెలుగువారి నోట తప్పు పలకడం కష్టం. రెండో సౌకర్యం సున్న. జపనీస్ లిపిలో ‘న్’ అన్న ఒంటి ధ్వనికి ఒక ప్రత్యేకాక్షరం ఉంది. అది మన పూర్ణబిందువులాగే పక్కనున్న హల్లును బట్టి ధ్వని మార్చుకుంటుంది. క ముందు కంఠ్యం, ద ముందు దంత్యం, బ ముందు ఓష్ఠ్యం. ‘తెంకి’ని సున్నతో రాసి తెలుగులాగా చదివితే చాలు, ఉచ్చారణ సరిపోతుంది. మూడోది దంత్య చకారం. చలి, చుక్క, చాప అన్న మాటల్లో పలికే చ వేరు, చిలుక, చేయి అన్న మాటల్లో పలికే చ వేరు. అచ్చతెలుగు మాటల్లో ఇ, ఎలు వెంట వస్తే తాలవ్యం, అ, ఉ, ఒలు వెంట వస్తే దంత్యం. పాత నిఘంటువులు ఈ దంత్యాన్ని ‘ౘ’ అన్న గుర్తుతో చూపేవి. జపనీస్ తకార వరుస ‘త, చి, ౘు, తె, తొ’ అని నడుస్తుంది. ఇకారం ముందు తాలవ్యం, ఉకారం ముందు దంత్యం, అచ్చంగా తెలుగు తీరే. జూన్ నెల వానాకాలాన్ని ‘ౘుయు’ అంటారు. చుక్కలోని చు పలకగలిగిన గోదావరి పిల్లవాడికి దాన్ని ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇంతకంటే లోతైన పోలిక మాత్రల లెక్క. జపనీస్ మాట నిడివిని కొలిచే కొలత దాదాపుగా మన ఛందస్సులోని మాత్రే. ‘తెంకి’లో తెం గురువు, కి లఘువు, మొత్తం మూడు మాత్రలు. జపాన్‌వారు కూడా తె, న్, కి అని మూడే లెక్కిస్తారు. ఉక్కబోసే రాత్రికి పేరైన ‘నెత్తైయ’లో ద్విత్వం ముందున్న నె గురువు, త్తై గురువు, య లఘువు, ఐదు మాత్రలు. వారి లెక్కా ఐదే. దీర్ఘం మీద సున్న వచ్చినచోట మాత్రం తేడా ఉంది: మనకు అది రెండు మాత్రలు, వారికి మూడు. గురులఘువులు గుర్తించడం బడిలో నేర్చుకున్నవారు జపనీస్ నడకను పట్టుకోవడానికి ఇంకో పాఠం అక్కర్లేదు.

రాత విషయానికి వస్తే జపనీస్‌లో మూడు లిపులు ఒకే వాక్యంలో కలిసి నడుస్తాయి. హిరగన, కతకన అనేవి ధ్వనిని రాసే లిపులు, ఒక్కోదానిలో 46 మూలాక్షరాలు. కంజి అనేవి చైనా నుంచి వచ్చిన, అర్థాన్ని మోసే గుర్తులు. హిరగన అక్షరాలు కంజిలను గొలుసుకట్టుగా రాయగా రాయగా మెత్తబడి ఏర్పడ్డవి. కతకన అక్షరాలు కంజిలోని ఒక ముక్కను విడదీయగా వచ్చినవి. దేశీయ మాటలకూ విభక్తులకూ హిరగన, బయటి భాషల మాటలకు కతకన వాడతారు. బంగాళాఖాతంలో పుట్టిన తుఫాను గురించి జపాన్ పత్రిక రాస్తే ‘సైకురొన్’ అని కతకనలోనే రాస్తుంది.

ఈ అక్షరాల వరుసను చూసిన తెలుగువారికి అది పరాయిగా తోచదు. అ, ఇ, ఉ, ఎ, ఒ తరవాత హల్లులు క, స, త, న, హ, మ, య, ర, వ అని వస్తాయి. ఇది భారతీయ వర్ణమాల క్రమం. బౌద్ధ మంత్రాలను చదవడానికి జపాన్ భిక్షువులు సిద్ధం అనే భారతీయ లిపిని అభ్యసించారు. భారతదేశం నుంచి బోధిసేనుడు 736లో జపాన్ చేరి, 752లో నారా నగరపు తోదైజి ఆలయంలో మహాబుద్ధ విగ్రహానికి నేత్రోన్మీలనం చేశాడు. కూకై అనే ఆచార్యుడు 806లో చైనా నుంచి తిరిగివస్తూ సిద్ధం గ్రంథాలు తెచ్చాడు. అక్షరాలను నోటిలో పుట్టే స్థానాన్ని బట్టి వరుసగా పేర్చడం ఆ చదువు నుంచే జపాన్‌కు అబ్బింది. క వర్గం చోట క, చ వర్గం చోట స, త వర్గం చోట త, న కనబడతాయి. ప ఉండాల్సిన చోట హ ఉండడం ఒక్కటే వింతగా అనిపిస్తుంది. కారణం సులభం: పూర్వం ఆ వరుస పకారంతోనే పలికేది, కాలక్రమంలో హకారమైంది. వరుసలో చోటు మాత్రం మారలేదు.

ఆ పాత పకారం వాతావరణ పదాల్లో ఇంకా బతికే ఉంది. రెండు మాటలు సమాసంగా కలిసినప్పుడు రెండో మాట మొదటి పరుషం తరచుగా సరళంగా మారుతుంది. దీన్ని ‘రెందకు’ అంటారు. కూర, కాయ కలిసి కూరగాయ అయినట్టు, అన్న, తమ్ముడు కలిసి అన్నదమ్ములు అయినట్టు జరిగే మార్పు ఇది. ‘కుమొ’ అంటే మబ్బు, ‘అమగుమొ’ అంటే వానమబ్బు. ‘కస’ అంటే గొడుగు, ‘అమగస’ వానగొడుగు. ‘తొకి’ అంటే సమయం, దాన్ని రెండుసార్లు అంటే ‘తొకిదొకి’, అప్పుడప్పుడు. సాయంత్రపు జడివాన ‘యూదచి’లో ఉన్నదీ తకారం మారిన దకారమే. ‘హి’ అంటే రోజు, ‘నౘు’ అంటే వేసవి, రెండూ కలిస్తే ‘నౘుబి’. హకారం బకారమైందేమిటని తికమకపడే పాశ్చాత్య విద్యార్థికి ఇది కంఠతా పట్టవలసిన అపవాదం. సరళాదేశ సంధిలో ప బగా మారడం తెలిసిన తెలుగు విద్యార్థికి ఇది సూత్రమే. లిపిలోనూ ఈ మార్పు చక్కగా చూపుతారు: క అక్షరం పక్కన రెండు చిన్న గీతలు పెడితే గ, తకు పెడితే ద, హకు పెడితే బ. హకు చిన్న సున్న చుడితే ప.

సూత్రానికి ఒక నిషేధం ఉంది. రెండో మాటలో అప్పటికే ఇలాంటి సరళం ఉంటే మార్పు జరగదు. గాలి ‘కజె’లో జ ఉంది గనుక వసంతపు గాలి ‘హరుకజె’గానే నిలుస్తుంది, ‘హరుగజె’ కాదు. ఈ నియమానికి అమెరికా భూగర్భ శాస్త్రవేత్త బెంజమిన్ స్మిత్ లైమన్ పేరు స్థిరపడింది. ఆయన 1870లో పంజాబ్‌లో చమురు నేలలను సర్వే చేసి, తరవాత జపాన్ వెళ్ళి పనిచేశాడు. 1894లో ఈ మార్పుల మీద వ్యాసం ప్రకటించాడు.

ఇక కంజి. విద్యార్థి భయపడేది ఇక్కడే. జపాన్ ప్రభుత్వం సాధారణ వాడుకకు నిర్ణయించిన కంజిల పట్టికలో 2136 గుర్తులు ఉన్నాయి. ప్రాథమిక పాఠశాల ఆరేళ్ళలో 1026 నేర్పుతారు. సంఖ్య కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఒకే గుర్తును రెండు మూడు రకాలుగా చదవడం. గాలి గుర్తు విడిగా ఉంటే ‘కజె’, సమాసంలో ‘ఫూ’. తుఫాను ‘తైఫూ’, గాలి వేగం ‘ఫూసొకు’. మంచు విడిగా ‘యుకి’, నేలమీద పేరుకున్న మంచు ‘సెకిసెౘు’. మొదటిది దేశీయ పఠనం, రెండోది చైనా నుంచి వచ్చిన పఠనం. ఇలాంటి రెండంచుల వాడుక తెలుగువారికి పుట్టుకతోనే వచ్చింది. గాలి వీచిందంటాం గాని గాలిగుండం అనం, వాయుగుండం అంటాం. వాన పడిందంటాం గాని లెక్క రాసేటప్పుడు వర్షపాతం అంటాం. విడిగా దేశ్యం, శాస్త్రంలో తత్సమం. జపనీస్‌లో జరిగేదీ ఇదే. కాకపోతే మనం గాలిని, వాయువును వేరువేరుగా రాస్తాం, వారు రెంటికీ ఒకే గుర్తు రాస్తారు. అల్పపీడనానికి వారి మాట ‘తేకిఅౘు’: తక్కువ, గాలి, ఒత్తిడి అన్న మూడు గుర్తులు వరసగా. అల్పపీడనం అన్న సమాసాన్ని విరిచి అర్థం చేసుకునే చదువరి దీన్నీ అలాగే విరుచుకోగలడు.

కంజిల్లో మొదట పట్టుకోవలసింది వాన గుర్తు. ఒకటో తరగతిలో నేర్పే 80 గుర్తుల్లో అది ఒకటి. ఎనిమిది గీతలు. పైన ఒక అడ్డగీత. దాని కింద ఎడమవైపు ఒక నిలువు గీత. అక్కడినుంచి కుడికి సాగి కిందికి దిగి కొస వంకర తిరిగే గీత. మధ్యలో పైనుంచి కిందికి ఒక నిలువు గీత. ఆ గీతకు అటు రెండు, ఇటు రెండు చినుకులు. పైనుంచి కిందికి, ఎడమనుంచి కుడికి అన్న రాతక్రమం ఈ ఒక్క గుర్తుతోనే చేతికి అలవాటవుతుంది.

ఈ గుర్తును కాస్త అణచి మరో గుర్తు నెత్తిన పెడితే దాన్ని ‘అమెకమ్మురి’ అంటారు, వాన కిరీటం అని అర్థం. నిఘంటువుల్లోని 214 మూలాంగాల్లో ఇది 173వది. మబ్బు, మంచు, పొగమంచు, ఆకుమీది మంచుబిందువు, నేలమీద గడ్డకట్టే మంచు, వడగళ్ళు, ఉరుము అన్నీ ఈ కిరీటం పెట్టుకున్నవే. కింది భాగం చాలాచోట్ల ధ్వనిని సూచిస్తుంది. మంచుబిందువు గుర్తులో కిరీటం కింద దారి గుర్తు ఉంటుంది. దానికి దారితో పనిలేదు. దారిని ‘రొ’ అని చదువుతారు గనుక దీన్నీ ‘రొ’ అని చదవమని సూచన. పైభాగం అర్థం, కిందిభాగం శబ్దం: ఈ కిటుకు పట్టుబడితే వందల గుర్తులు తామే విడివడతాయి. ఉరుము గుర్తులో కిరీటం కింద వరిమడి గుర్తు కనబడుతుంది. నిజానికది మడి కాదు, ఒకప్పుడు అదే ఆకారం మూడుసార్లు రాసిన ముక్కకు కుదింపు. అయినా మడిమీద ఉరిమే వానగా గుర్తుపెట్టుకున్నవారిని ఎవరూ తప్పుపట్టరు.

వాన కిరీటం ఆకాశంలోనే ఆగిపోలేదు. మెరుపును సూచించిన గుర్తు విద్యుత్తుకు గుర్తయింది. కరెంటు ‘దెంకి’, రైలు ‘దెన్ష’, ఫోను ‘దెన్వ’, అన్నిటా మొదటి గుర్తు అదే. భూకంపం ‘జిషిన్’లో రెండో గుర్తూ కిరీటం ధరించిందే. టోక్యోలో రైలు దిగిన కొత్తవారికి స్టేషన్ బోర్డులో మొదట పోల్చుకోగలిగేది వాతావరణ పాఠంలో నేర్చిన ఈ ముక్కే కావచ్చు.

వాతావరణ సూచన రాసే తీరు చాలా పొదుపైనది. టోక్యోలో వాతావరణ పరిశీలన కేంద్రం 1875లో ఏర్పడింది. 1884 జూన్ 1న వెలువడిన తొలి సూచన దేశమంతటికీ కలిపి ఒకే వాక్యం. ఇప్పటికీ రోజు సూచన నాలుగైదు మాటలే. ‘హరె’ అంటే ఎండ కాసే నిర్మలాకాశం, ‘కుమొరి’ అంటే మబ్బు పట్టి ఉండడం. నిర్మలాకాశానికి సూర్యుడి గుర్తు పక్కన నీలి గుర్తు రాస్తారు. కుమొరికి సూర్యుణ్ణి పైన పెట్టి కింద మబ్బు గుర్తు మొత్తం రాస్తారు. ‘హరె నొచి కుమొరి’ అంటే ముందు ఎండ, తరవాత మబ్బు. ‘కుమొరి తొకిదొకి అమె’, ‘కుమొరి ఇచిజి అమె’ అన్న రెండింటికీ తేడా కచ్చితంగా తెలియాలి. తొకిదొకి అంటే వాన ఆగి ఆగి పడుతుంది, పడ్డ సమయమంతా కలిపి సూచన కాలంలో సగం లోపు. ఇచిజి అంటే ఒక్క విడతగా పడుతుంది, అది కాలంలో నాలుగో వంతు లోపు. ధాన్యం ఆరబోసినవారికి ఈ రెండూ ఒకటి కావు. మండపేట రైస్‌మిల్లుల్లో కళ్ళం మీద ధాన్యం ఉన్న రోజున ఎవరినడిగినా అదే చెబుతారు.

వాక్యనిర్మాణం కూడా తెలుగు వరుసలోనే సాగుతుంది. ‘అమె గ ఫుత్తె ఇమసు’ అంటే వాన పడుతూ ఉంది: కర్త ముందు, క్రియ చివర, పడే పని ముందు, ఉండడం తరవాత. వాన, మంచు, వడగళ్ళకు ‘ఫురు’ అనే క్రియ, గాలికి ‘ఫుకు’. ధ్వన్యనుకరణలైతే మనకు మల్లే జంటజంటగా వస్తాయి. జోరువాన ‘జాజా’, నెమ్మదిగా పట్టుకున్న ముసురు ‘షితొషితొ’, తొలి చినుకులు ‘పొౘుపొౘు’, ఉరుము ‘గొరొగొరొ’.

వేడికి, చలికి మాటలు ఏరుకోవాలి. ‘సముయి’ అంటే చలి, ‘ౘుమెతై’ అంటే తాకితే చల్లగా తగలడం, ‘సుజుషీ’ అంటే హాయిగా చల్లగా ఉండడం. చలిగా ఉంది, చల్లగా ఉంది అన్న వాక్యాలను కలపని తెలుగువారు వీటినీ కలపరు. ‘అౘుయి’ అంటే వేడి. ఎండ వేడికి ఒక కంజి, కాగిన నీళ్ళ వేడికి మరో కంజి. ఉక్కపోత ‘ముషిఅౘుయి’, ఇందులో ముషి అంటే ఆవిరిమీద ఉడకడం. పగటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలు చేరితే నౘుబి, 30 చేరితే ‘మనౘుబి’, 35 చేరితే ‘మోషొబి’. ఈ చివరి మాటను వాతావరణ శాఖ 2007లో చేర్చింది. రాత్రి కూడా 25 కిందికి దిగకపోతే అది నెత్తైయ.

వాన పేర్ల దగ్గర జపనీస్ అపారంగా విస్తరిస్తుంది. చిన్నవాన ‘కొసమె’, వసంతవాన ‘హరుసమె’, మంచులాంటి తుంపర ‘కిరిసమె’, చాంద్రమానపు ఐదో నెల వాన ‘సమిదరె’, చలికాలం మొదట్లో వచ్చి పోయే జల్లు ‘షిగురె’. వీటిలో చాలావాటిని హైకూ కవులు ‘కిగొ’ అంటే ఋతుపదాలుగా వాడతారు. ఒక్క మాటతో ఋతువు తెలిసిపోవాలి, ఐదు, ఏడు, ఐదు మాత్రల్లో కవిత ముగియాలి. కాకినాడ కవి ఇస్మాయిల్ ‘కప్పల నిశ్శబ్దం’ సంపుటితో ఆ ప్రక్రియను తెలుగులోకి తెచ్చినవారిలో ముఖ్యుడు. తొలకరి, ముసురు, జడి, జల్లు, తుంపర, గాలివాన అన్న మాటలున్న భాషకు అది చక్కగా అతికింది.

ౘుయు అన్న వానాకాలాన్ని రాసే తీరు కంజి పఠనానికి మంచి పరీక్ష. ఆప్రికాట్‌కు దగ్గరి పండు ‘ఉమె’ గుర్తు, దాని పక్కన వాన గుర్తు: ఉమె కాయలు పండే వేళ వచ్చే వాన. శాస్త్రంలో ‘బైఉ’, జనం నోట ౘుయు. విడివిడి గుర్తుల నుంచి ఈ రెండో పఠనం రాదు, మాట మొత్తంగా గుర్తుపెట్టుకోవాలి. టోక్యో ప్రాంతంలో ఇది సగటున జూన్ 7 ప్రాంతంలో మొదలై జులై 19 ప్రాంతంలో ముగుస్తుంది. గోదావరి డెల్టాలో మృగశిర కార్తె ప్రవేశించేదీ ఆ జూన్ రోజుల్లోనే. కార్తెలు 27, ఒక్కోటి 13, 14 రోజులు. జపాన్ పాత పంచాంగంలో సూర్యగమనాన్ని బట్టి 24 ‘సెక్కి’లు, ఒక్కోటి సుమారు 15 రోజులు. జూన్ 6 ప్రాంతంలో వచ్చే సెక్కి పేరు ‘బోషు’, ముల్లు ఉన్న ధాన్యం నాటే వేళ అని. రెండు దేశాల రైతులూ సూర్యుణ్ణి చూసే పొలం పని లెక్క కట్టుకున్నారు, లెక్క దాదాపు ఒక్కచోట కలిసింది. 24 సెక్కి పేర్లు రాసి చూస్తే ఏడింటిలో వాన గుర్తు గాని వాన కిరీటం గాని ఉంటుంది. ఏప్రిల్ 20 నాటి ‘కొకుఉ’ అంటే ధాన్యాన్ని పెంచే వాన, సెప్టెంబరు 8 నాటి ‘హకురొ’ అంటే తెల్లని మంచుబిందువు. కొత్త విద్యార్థి కంజి సాధనకు ఈ పట్టిక ఒక్కటి చాలు.

మెరుపుకు ‘ఇనజుమ’ అన్న మాట వరి పండించేవారంతా తెలుసుకోదగ్గది. ‘ఇనె’ అంటే వరి మొక్క, ‘ౘుమ’ అంటే జీవిత సహచరి. మెరుపు తాకితేనే వరి కంకిలో గింజ పాలు పోసుకుంటుందని ప్రాచీన జపాన్ నమ్మిక. సమాసంలో ఇనె ఇనగా, అమె అమగా మారడం ఒకటే పద్ధతి. వసంతారంభం నుంచి 210వ రోజును, అంటే సెప్టెంబరు 1 ప్రాంతాన్ని, ‘నిహ్యకు తోక’ అని భయంగా లెక్కించేవారు. వరి పూత మీద ఉండగా తుఫాన్లు వచ్చే వేళ అది. డెల్టాలో సార్వా పంటకు ఆ భయం అక్టోబరు, నవంబరుల్లో. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చిన తుఫాను ఆ కాలానివే.

తైఫూ, తుఫాను ఒకటేనా అంటే కొలతలో ఒకటే. వాయవ్య పసిఫిక్‌లో గాలి 34 నాట్లు, అంటే సెకనుకు 17.2 మీటర్లు దాటితే జపాన్ తైఫూ అంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం తుఫానుగా మారిందని భారత వాతావరణ శాఖ ప్రకటించేదీ 34 నాట్ల దగ్గరే. పేర్ల పద్ధతి వేరు. ఇక్కడ ప్రతి తుఫానుకూ పేరు పెడతారు, జపాన్ వార్తల్లో ఏడాది వరుస సంఖ్యతో పిలుస్తారు.

జపాన్‌లో నివసించబోయేవారు చదవడం రాకపోయినా కంటితో గుర్తుపట్టాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. ‘చూఇహో’ అంటే జాగ్రత్త సూచన, ‘కేహో’ అంటే హెచ్చరిక. దశాబ్దాలకొకసారి వచ్చేంత పెద్ద విపత్తుకు ‘తొకుబెౘు కేహో’ను 2013 ఆగస్టు 30 నుంచి అమలు చేశారు. ప్రమాదాన్ని ఐదు స్థాయిలుగా చెబుతారు. మూడో స్థాయిలో వృద్ధులు, కదలలేనివారు బయల్దేరాలి. వృద్ధాశ్రమాల్లో పనిచేసే తెలుగు నర్సులకు ఇదే ముఖ్యమైన స్థాయి. నాలుగోది ‘హినన్ షిజి’, ప్రమాద ప్రాంతంలోని అందరూ ఖాళీ చేయాలన్న ఆదేశం. 2021 మే నుంచి ఆదేశానికి ఇదొక్కటే మాట. ఐదో స్థాయి ప్రకటించే సరికి విపత్తు మీద పడి ఉంటుంది, లేదా పడబోతూ ఉంటుంది. అందుకని నాలుగో స్థాయి దాటకముందే ‘హినంజొ’ అన్న బోర్డున్న ఆశ్రయానికి చేరాలి. అది సాధారణంగా దగ్గరలోని బడి భవనమో, సామాజిక భవనమో అయి ఉంటుంది.